ఈజిప్టు దేవుడి మందసాన్ని కొయ్యతో కట్టడం ఎలా

హనుమకొండ, కాజీపేట, జనగామ వైపు బడుల్లో ప్రదర్శన పెట్టి పిల్లలకు ప్రాచీన ఈజిప్టును అంశంగా ఇస్తే, పదింట తొమ్మిది బల్లల మీద థర్మకోల్ పిరమిడ్ వెలుస్తుంది. పిరమిడ్ రాజు సమాధి. ఆ దేశపు దేవుడు ఎక్కడ ఉండేవాడని పిల్లలను అడిగితే పిరమిడ్‌నే చూపిస్తారు, వాళ్ళ వెనుక నిలబడ్డ ఉపాధ్యాయులు కూడా తల ఊపుతారు. దేవుడు ఉన్నది గుడిలో. గుడిలోనూ అన్నిటికంటే లోపలి చీకటి గదిలో, తలుపులు మూసి, గడియ వేసి, ముద్ర పెట్టిన ఒక మందసంలో. గ్రీకు మాటను పట్టుకుని పండితులు దాన్ని నావోస్ అంటారు. మన ఇళ్ళలో దేవుని అర్రలో గోడకు దేవుని గూడు ఉన్నట్టు, వారికి ఈ మందసం ఉండేది. తేడా ఏమిటంటే మన గూడు తెరిచి ఉంటుంది, వారి మందసం రోజులో ఎక్కువ భాగం మూసి ఉంటుంది.

అలాంటి మందసం ఒకటి, సుమారు మూరెడు ఎత్తున, మన ప్రాంతంలో దొరికే సామగ్రితో ఎలా కట్టవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. సాంఘిక శాస్త్రం చెప్పిన రోజుల్లో పిల్లలతో, ఒక వడ్రంగి సాయంతో నేను మూడు మందసాలు చేయించాను. మొదటిది చూడ్డానికి బట్టల బీరువాలా వచ్చింది, రెండవది పగిలింది, మూడవదాని కొలతలే కింద ఇస్తున్నాను.

రంపం పట్టకముందు తెలియవలసినది

ఈజిప్టు గుడి పొడవాటి బాట. ముందు రెండు భారీ బురుజుల మధ్య ద్వారం, దాని వెనుక ఆకాశం కనిపించే ముంగిలి, ఆపైన స్తంభాల మండపం, దాని వెనుక నైవేద్యపు గది, చివరికి గర్భగృహం. లోపలికి పోయిన కొద్దీ నేల మెట్టు మెట్టుగా లేస్తుంది, పైకప్పు దిగుతుంది, వెలుతురు తగ్గుతుంది. వేయి స్తంభాల గుడిలో ఎండలో నుంచి రంగమండపంలోకి, అక్కడి నుంచి అంతరాళంలోకి అడుగు పెట్టినప్పుడు కళ్ళు చీకటికి అలవాటు పడడానికి పట్టే ఆ రెండు క్షణాలను గుర్తు చేసుకుంటే ఈ అమరిక వెంటనే అర్థమవుతుంది. అయితే 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో మనం గర్భగుడి గడప దాకా వెళ్ళి దర్శనం చేసుకుంటాం. ఈజిప్టులో మామూలు జనానికి ముంగిలి దాటి లోపలికి ప్రవేశం లేదు. మందసం తలుపు తీసే అధికారం రాజుదే. ఆయన పేరు మీద ఆ పని పూజారి చేసేవాడు.

ఆ అమరిక నేటికీ దాదాపు చెక్కుచెదరకుండా ఉన్న చోటు దక్షిణ ఈజిప్టులోని ఎద్ఫు ఊళ్ళో ఉన్న హోరస్ అనే డేగ దేవుడి గుడి. దాని నిర్మాణం క్రీ.పూ. 237లో మొదలై 57లో ముగిసింది. లోపల గర్భగృహంలో నిలబడి ఉన్న మందసం మాత్రం గుడి కంటే పాతది. రెండవ నెక్టనేబో రాజు కాలంలో, అంటే క్రీ.పూ. 4వ శతాబ్దిలో, ఒకే రాయిని తొలిచి చేసిన సుమారు 4 మీటర్ల ఎత్తైన గూడు అది. పాత గుడి పోయినా మందసాన్ని పారేయక, కొత్త గుడిని దాని చుట్టూ కట్టుకున్నారు. డెల్టా ప్రాంతంలోని మెండెస్‌లో అమాసిస్ రాజు నిలిపిన ఎర్ర గ్రానైట్ మందసం దాదాపు 8 మీటర్ల ఎత్తున ఇప్పటికీ మొండి గోడల మధ్య ఒంటరిగా నిలబడి ఉంది. ఇలాంటివి నాలుగు ఉండేవట, మిగిలింది ఒకటే.

మందసాన్ని మరో రెండు నిర్మాణాలతో కలిపి గందరగోళ పడకూడదు. ఒకటి, పండుగనాడు దేవుడిని పల్లకిలా భుజాల మీద మోసే పడవకు దారిలో విడిది ఇచ్చే మండపం. పడవ ఒక వైపు నుంచి వచ్చి మరో వైపు నుంచి వెళ్ళేందుకు వీలుగా దానికి రెండు వైపులా దారి ఉండేది. కర్నాక్ గుళ్ళ సముదాయంలో హత్షెప్సుట్ రాణి ఎర్ర క్వార్ట్జైట్ రాతితో కట్టించిన మందిరం ఈ కోవలోది. అక్కడే మొదటి సెనుస్రెట్ రాజు కట్టించిన తెల్లని సున్నపురాతి మండపాన్ని తర్వాతి రాజులు విప్పి, మూడవ అమెన్‌హోటెప్ ద్వారపు బురుజు లోపల పూడికకు వాడుకున్నారు. 20వ శతాబ్దిలో పురావస్తు శాఖ వారు ఆ రాళ్ళను ఒక్కొక్కటే బయటికి తీసి మళ్ళీ నిలబెట్టారు. రెండవది, పెద్ద గుళ్ళలో ఒక్కో దేవుడికీ విడిగా ఉండే గది. అబిడోస్ పట్టణంలో మొదటి సేతి రాజు కట్టించిన గుడిలో ఇవి వరుసగా ఏడు ఉన్నాయి. వీటిలో దేన్నైనా నమూనాగా చేయవచ్చు గానీ, తొలిసారి చేసేవారికి మందసమే మేలు. అది చిన్నది, తలుపులున్నది, తెరిచి చూపడానికి వీలైనది.

గుడిసెను మరిచిపోని రాయి

నా మొదటి మందసం బీరువాలా ఎందుకు వచ్చిందంటే, ఫొటోలోని గీతలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియకుండానే వాటిని చెక్క మీదికి ఎక్కించాను కనుక. రెండోసారి ఫొటో చూపించినప్పుడు మా వడ్రంగి, "మొదట అల్మారా అనుకున్న సార్, మంచిగ చూస్తే గుడిసె లెక్కనే ఉన్నది గద," అన్నాడు. చదువుకున్నవాడిని నేను చూడలేనిది, గుడిసెలు కట్టిన చేయి చూసింది. నిజంగానే అది గుడిసె.

ఈజిప్టు తొలి గుళ్ళు రాతివి కావు. నైలు ఒడ్డున రెల్లు, చాపలు, కొయ్య గుంజలు, మట్టి పూతతో కట్టినవి. దక్షిణాన నెఖెన్ పట్టణంలో, గ్రీకులు హియెరకాన్‌పోలిస్ అన్న చోట, క్రీ.పూ. 4వ సహస్రాబ్ది నాటి పూజాస్థలంలో నాలుగు పెద్ద గుంజలు పాతిన గుంతలు తవ్వకాల్లో బయటపడ్డాయి. దక్షిణ దేశపు ఆ ఆది మందిరానికి పేరు పెర్-వేర్, అంటే పెద్దిల్లు. దాని కప్పు ముందు ఎత్తుగా లేచి, గుండ్రంగా తిరిగి, వెనక్కి వాలుగా దిగుతుంది. పక్క నుంచి చూస్తే కూర్చున్న పశువు వీపులా ఉంటుంది. ఉత్తర దేశపు మందిరం పెర్-ను, బూటో పట్టణానిది. దానికి నాలుగు మూలల్లో గుంజలు కప్పు కంటే పైకి పొడుచుకు వస్తాయి, వాటి నడుమ కప్పు బోర్లించిన దోనెలా వంగి ఉంటుంది. పెర్-వేర్‌కు రాబందు రూపంలోని నెఖ్బెత్, పెర్-నుకు నాగుపాము రూపంలోని వాజెత్ అధిదేవతలు. రెండు దేశాలను ఏలినవాడినని చెప్పుకునే ప్రతి రాజూ ఈ రెండు రూపాలనూ పక్కపక్కన నిలబెట్టేవాడు.

రాతి పని వచ్చిన తర్వాత కూడా వారు గుడిసెను వదల్లేదు. క్రీ.పూ. 27వ శతాబ్దిలో జోసర్ రాజు కోసం సక్కారాలో ఇమ్‌హోటెప్ కట్టిన మెట్ల పిరమిడ్ ఆవరణలో పండుగ ముంగిలికి రెండు వైపులా మందిరాల వరుసలున్నాయి. బయటికి గుడిసెలే, లోపల చాలావరకు రాళ్ళ పూడికే. అదే ఆవరణలో సగం తెరిచి ఉన్నట్టు చెక్కిన రాతి తలుపులున్నాయి. అవి ఎన్నడూ కదలవు. ఆ రోజు నుంచి మూడు వేల ఏళ్ళ పాటు, రోమన్ల కాలం దాకా, ఈజిప్టు మందిరానికి రెండు గుర్తులు పోలేదు. గోడ మూలల వెంటా, గోడ పైఅంచున అడ్డంగానూ పోయే గుండ్రని కడ్డీ మొదటిది. అది గుడిసె మూలల్లో తాడుతో చుట్టి కట్టిన రెల్లు కట్ట. దాని పైన ముందుకు వంగిన కొంగు లాంటి చూరు రెండవది. అది గోడకు నిలువుగా పాతిన ఆకుల కొసలు బరువుకు బయటికి వాలిన రూపం. చొప్ప దడి కట్టినప్పుడు పైకొసలు ఎలా వంగుతాయో చూసినవారికి దీన్ని వివరించనక్కరలేదు. ఈ రెండూ సరిగ్గా కుదిరితే చెక్కపెట్టె ఈజిప్టు మందసమవుతుంది. కుదరకపోతే ఎంత బంగారు రంగు పూసినా బీరువాగానే మిగిలిపోతుంది.

మనం కట్టబోయేది పెర్-వేర్. టుటంఖామున్ రాజు సమాధిలో దొరికిన చిన్న బంగారు మందసం ఈ రూపంలోనిదే. దాని ఎత్తు 50 సెంటీమీటర్ల పైచిలుకు, కొయ్య పెట్టె మీద సుద్ద పూత, దాని మీద బంగారు రేకు, అడుగున వెండి తొడిగిన, చక్రాలు లేని బండి.

గళ్ళ మీద గీత

పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ ఈజిప్టులోని గురోబ్‌లో తవ్వినప్పుడు ఒక పపైరస్, అంటే జమ్ము కాగితం, దొరికింది. ఎర్ర సిరాతో గళ్ళు గీసి, వాటి మీద నల్ల సిరాతో ఒక మందసాన్ని ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి వేశారు. ఇప్పుడు అది లండన్‌లోని పెట్రీ మ్యూజియంలో ఉంది. నేటి వడ్రంగి చేతిలో పెట్టినా పని మొదలుపెట్టగలడు. మనమూ ఆ పద్ధతినే పాటిద్దాం.

వారి రాజమూర సుమారు 52.5 సెంటీమీటర్లు; దానికి 7 అరచేతులు, అరచేతికి 4 వేళ్ళు, మొత్తం 28 వేళ్ళు. పుస్తకాలకు అట్ట వేసే ఖాకీ కాగితంలో 52.5 సెంటీమీటర్ల పొడవు పట్టీ కత్తిరించి, దాన్ని 7.5 సెంటీమీటర్ల చొప్పున ఏడు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని రెండుసార్లు సగానికి మడిస్తే ఒక వేలు కొలత వస్తుంది, దాదాపు 1.9 సెంటీమీటర్లు. ఇక స్కేలును పక్కన పెట్టి, పని ముగిసేదాకా ఈ పట్టీతోనే కొలవండి. సెంటీమీటర్లు, అంగుళాలు, వేళ్ళు కలగలిపితే వడ్రంగికీ మీకూ మధ్య తగువు తప్పదు.

పెద్ద కాగితం మీద ఎర్ర పెన్సిలుతో వేలు వెడల్పు గళ్ళు గీయండి. ముందు వైపు చిత్రానికి 14 గళ్ళ వెడల్పు, పక్క చిత్రానికి 17 గళ్ళు. ఎత్తు రెండింటికీ 28. అడుగున బండికి 2 వేళ్ళు, గోడలకు 18, అడ్డ కడ్డీకి అర వేలు, చూరుకు 3, కప్పుకు ముందు వైపు నాలుగున్నర. కప్పు వెనుక అంచు మాత్రం ఒక వేలు ఎత్తే. పక్క చిత్రంలో కప్పు గీతను ముందు అంచు నుంచి మొదలుపెట్టి, చప్పున గుండ్రంగా పైకి తిప్పి, మూడవ గడి దగ్గర అన్నిటికంటే ఎత్తుకు తెచ్చి, అక్కడి నుంచి వెనక్కి నిదానంగా దించండి. ఈ గీత చేతితోనే వేయాలి. స్కేలు పెట్టి వాలు గీస్తే రేకుల షెడ్డులా ఉంటుంది. తలుపు ఖాళీ 8 వేళ్ళ వెడల్పు, 14 వేళ్ళ ఎత్తు. ఇవి నేను కుదుర్చుకున్న కొలతలు, బంగారు మందసం నిష్పత్తికి దగ్గరగా ఉంటాయి.

చెక్క, అతుకులు, గుర్తులు

ఈజిప్టులో పెద్ద కొయ్య కొరత. తుమ్మ, మేడి జాతి చెట్లు ఉన్నా పొడవాటి పలకలు రావు. దేవదారును సముద్రం మీదుగా లెబనాన్ తీరం నుంచి తెప్పించుకునేవారు. మనకు ఆ అవస్థ లేదు. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర దొరికితే అంతకంటే మంచిది లేదు, తేలికైనది, ఉలికి వెన్నలా లొంగుతుంది. పొనికి చెట్లు తగ్గిపోతున్నందున బొమ్మల పనివారికే కర్ర కరువైన మాట నిజం. కనుక గోడలకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడి, పొనికిని చెక్కడం ఉన్న చోట్లకే అట్టిపెట్టుకోండి.

రెండు పక్కల పలకలు, ఒక వెనుక పలక, ముందుకు రెండు నిలువు చెక్కలూ ఒక అడ్డ చెక్కా, అడుగు పలక, పై పలక కోయించండి. మేకులు కొట్టవద్దు. ఒక చెక్క అంచున నాలుకలా మిగిల్చిన భాగం మరో చెక్కలోని గాడిలో కూర్చునేలా చేసి, అడ్డంగా వెదురు చీలతో బిగించాలి. వారి పద్ధతి కూడా ఇదే. అందువల్లనే వారి మందసాలను విడదీసి, మోసుకెళ్ళి, మళ్ళీ కూర్చగలిగేవారు.

కూర్చేటప్పుడు తప్పు చేసినవారూ వారిలో ఉన్నారు. 1922 నవంబరులో పురావస్తు శాస్త్రవేత్త హోవర్డ్ కార్టర్ కనుగొన్న టుటంఖామున్ సమాధిలో రాతి శవపేటిక చుట్టూ ఒకదానిలో ఒకటిగా నాలుగు బంగారు మందసాలు ఉన్నాయి. బయటిదాని పొడవు 5 మీటర్లకు పైనే, గదిలో పక్కలకు మనిషి దూరేంత చోటు కూడా సరిగా లేదు. వాటి పలకల మీద ఏ దిక్కున ఏది రావాలో గుర్తులు ఉన్నా, ఆ ఇరుకులో పనివారు పడమరకు ఉండవలసిన తలుపులను తూర్పుకు పెట్టారు. సరిగా కూర్చోని చోట సుత్తి దెబ్బల గుర్తులు కూడా మిగిలాయి. వాటిని విప్పడానికి కార్టర్ బృందానికి 84 రోజులు పట్టింది. కాబట్టి మీరు ప్రతి పలక లోపలి ముఖం మీద దిక్కు, అంకె రాయడమే కాదు, ఆ అంకెలు చూసే చీలలు దిగగొట్టండి. మా పిల్లలు ఒకసారి వెనుక పలకను తలకిందులుగా బిగించినప్పుడు కార్టర్ కథ చెప్పి నవ్వుకున్నాం గానీ, చీలలు పెరికేసరికి అంచు ఊడింది.

తలుపులకు కబ్జాలు పెట్టవద్దు. మన పాత ఇళ్ళ దర్వాజలకు ఉన్నట్టే, తలుపు రెక్క అంచున పైనా కిందా చిన్న బుడిపె మిగిల్చి, కిందిదాన్ని గడపలో తొలిచిన గుంటలోనూ పైదాన్ని అడ్డ చెక్క గుంటలోనూ కూర్చోబెట్టాలి. అందుకే అడ్డ చెక్కను బిగించేలోగా తలుపులు ఎక్కించాలి. ఈ వరుస మరిచిపోతే ముందు భాగమంతా విప్పక తప్పదు.

కడ్డీ, చూరు

దీనికి తొందర పడకండి, రెండు రోజులైనా పట్టనివ్వండి. కడ్డీకి కంది కట్టె సరిపోతుంది, అర వేలు మందం ఉన్నవి ఏరి, తొక్క తీసి, నిలువుగా నాలుగు మూలలకూ, అడ్డంగా గోడ పైఅంచుకూ అతికించండి. అతికించే ముందే సన్నని నూలుదారాన్ని ఒక వేలు ఎడంలో అడ్డ చుట్లుగా, వాటి నడుమ ఏటవాలుగా చుట్టండి. ఈజిప్టువారు రాతి కడ్డీ మీద కూడా ఆ తాడు చుట్లను రంగుతో గీసేవారు.

చూరుకు నేను చాలా అవస్థ పడ్డాను. చెక్కను లోపలికి వంపుగా చిత్రిక పట్టడం పిల్లల చేతి పని కాదు. అట్టను వంచితే నెలకే సాగిపోయింది. చివరికి ఇంటి పైపులు అమ్మే దుకాణంలో 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క, 60 సెంటీమీటర్ల పొడవుది తీసుకుని, నిలువుగా ఆరు సమభాగాలుగా కోయించాను. ఆ ఒక్కో భాగాన్ని కింది అంచు నిలువుగా, పై అంచు ముందుకు వచ్చేలా, లోపలి వంపు బయటికి కనబడేలా నిలబెడితే, రెండున్నర వేళ్ళ ఎత్తు లేచి ఒకటిన్నర వేలు ముందుకు వాలుతుంది. ఈజిప్టు చూరు అచ్చంగా ఇలాగే ఉంటుంది. దాని నెత్తిన అర వేలు చదునైన చెక్క పట్టీ పెడితే మూడు వేళ్ళూ పూర్తి. నాలుగు ముక్కలు నాలుగు వైపులకు సరిపోతాయి, మిగిలిన రెండు మూలల్లో తప్పు కోత పడినప్పుడు పనికొస్తాయి, తప్పకుండా పడుతుంది. మూలల్లో 45 డిగ్రీల కోతను ముందు కాగితం నమూనా మీద సరి చూసుకుని ఆ తర్వాతే రంపం పెట్టండి. పీవీసీకి సుద్ద అంటదు కనుక గరుకు కాగితంతో బాగా గీకి, పాత నూలు గుడ్డను చెక్క జిగురుతో అతికించాలి.

కప్పుకు, పక్క చిత్రంలోని వంపు గీతను రెండు పలకల మీదికి ఎక్కించి కోసి, వాటి మీద అడ్డంగా సన్నని వెదురు దబ్బలు పరచండి. మేదరివారి దగ్గర గంపలకు చీల్చి పెట్టినవి అడిగితే ఇస్తారు. పైన పూత వస్తుంది కాబట్టి దబ్బలు కనబడవు. అయినా కప్పు కింద అల్లిక ఉండటం నాకు న్యాయంగా తోచింది, మొదటి కప్పు చాపే కదా.

సుద్ద, బంగారం, రంగులు

ఈజిప్టువారు కొయ్య మీద సుద్దనూ జంతువుల జిగురునూ కలిపిన పూత వేసి, దాని మీద బంగారు రేకు అద్దేవారు. మనకు పూర్వపు వరంగల్ జిల్లాలోని చేర్యాలలోనే ఇంతకంటే తేలికైన పద్ధతి ఉంది. అక్కడి నకాషీ చిత్రకారులు పటానికి గుడ్డను సిద్ధం చేసేటప్పుడు సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూస్తారు. చింతగింజలను నానబెట్టి, పైతొక్క తీసి, మెత్తగా నూరి, నీళ్ళలో సన్న సెగ మీద కలుపుతూ ఉడికిస్తే చిక్కని అంబలి అవుతుంది. దానిలో జల్లించిన సుద్దపొడిని దోసెపిండి చిక్కదనం వచ్చేదాకా కలిపి, బ్రష్షుతో మూడు పూతలు వేయండి. ఒక పూత పూర్తిగా ఆరి, గరుకు కాగితంతో నున్నగా చేసిన తర్వాతే మరొకటి.

ఆరబెట్టడం నీడలోనే. నా రెండవ మందసాన్ని మే నెలలో డాబా మీద పెట్టించాను. వరంగల్ ఎండ సంగతి చెప్పేదేముంది, సాయంత్రానికి పూత ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చి, రెండు పలకల మీద పొరలుగా లేచింది. ఇంకో జాగ్రత్త, రాత్రిపూట మూత లేని గదిలో వదిలితే అంబలి వాసనకు ఎలుకలు వస్తాయి.

బంగారానికి బదులు ఏమిటనేది మీ చేతిలోని డబ్బును బట్టి ఉంటుంది. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి, రాగి రేకులను లక్క మీద పరిచి ఉలితో కొట్టి బొమ్మలు తేల్చే పనివారు తరతరాలుగా ఉన్నారు. గుడి తలుపులకు, వాహనాలకు తొడుగులు వేసిన చేతులవి. టుటంఖామున్ చిన్న మందసం మీది బంగారు రేకు పనిని చూపిస్తే ఆ పద్ధతి వారికి కొత్తగా తోచదు. అంత ఖర్చు పెట్టలేనివారు బొమ్మల దుకాణాల్లో దొరికే సన్నని ఇత్తడి రేకును పాత సైకిల్ ట్యూబు మీద పరిచి, వెనుక నుంచి మొద్దు కొస పుల్లతో నొక్కితే బొమ్మ తేలుతుంది. అదీ వద్దనుకుంటే పసుపుపచ్చ రంగు వేయండి. మెరిసే బంగారు స్ప్రే మాత్రం వద్దు, అది మందసాన్ని పెళ్ళి మండపం చేస్తుంది.

చూరు మీద నిలువుగా ఆకుల్లాంటి పట్టీలు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు మార్చి మార్చి వేయాలి. ముందు వైపు చూరు నడుమ రెక్కలు విప్పిన సూర్యబింబం. తలుపుల మీద, గోడల మీద రాజు దేవుడికి పూలో, ధూపమో సమర్పించే దృశ్యాలు. చిత్రలిపిని ఊహించి రాయకండి. అర్థం లేని గుర్తులు నింపడం కంటే ఖాళీ నిలువు పట్టీలు వదలడం మర్యాద. ఒక్క మాట రాయాలనిపిస్తే మందిరం పేరే రాయండి. పెర్‌కు గుర్తు అడుగు వైపు మధ్యలో ఖాళీ వదిలిన దీర్ఘచతురస్రం, అంటే ఇంటి నక్షా. వేర్‌కు వానకోయిల బొమ్మ, దాని కింద ర అనే ధ్వనికి నోటి గుర్తు. ఆ పక్షి తోకను చీలికగా వేయడం మరిచిపోవద్దు. గుండ్రంగా ముగిస్తే అది పిచ్చుకవుతుంది, ఆ గుర్తు వారి లిపిలో చిన్నతనానికీ చెడుకూ సంకేతం. పెద్దిల్లు అని రాయబోయి దాన్ని తిట్టినట్టవుతుంది.

తలుపు, గడియ, ముద్ర

చాలామంది నమూనాల్లో తలుపులు తెరిచి జిగురుతో అతికించేస్తారు. మందసానికి ప్రాణం అవి మూసుకోవడంలో ఉంది. ప్రతి ఉదయం పూజారి తాడు మీది మట్టి ముద్రను పగలగొట్టి, గడియ లాగి, తలుపులు తెరిచి, దేవుడి విగ్రహానికి ధూపం వేసి, పాత వస్త్రం తీసి, కొత్తది కట్టి, నూనె రాసి, నైవేద్యం పెట్టేవాడు. చివర తలుపులు మూసి, మళ్ళీ ముద్ర వేసి, వెనక్కి నడుస్తూ తన అడుగుల జాడను చీపురుతో ఊడ్చేవాడు. అబిడోస్ గోడల మీద ఈ క్రమమంతా దృశ్యాలుగా ఉంది.

చిన్న బంగారు మందసానికి నల్ల చేవ కొయ్య గడియలు బంగారు కొంకుల్లో జారేలా ఉన్నాయి. మీరు రెండు తలుపుల మీద రెండేసి కొంకులు బిగించి, తుమ్మ చేవ ముక్కను నున్నగా చేసి గడియగా జార్చండి. ఆ పైన తలుపుల నడుమ రెండు చిన్న బుడిపెలు పెట్టి, జనుప తాడును వాటి చుట్టూ తిప్పి ముడి వేసి, ముడి మీద చెరువు ఒండ్రుమట్టి ముద్దను అద్ది, తడిగా ఉన్నప్పుడే ఒక ముద్ర కొట్టండి. టుటంఖామున్ రెండవ మందసం తలుపుల తాడు, దాని మీద తొమ్మిదిమంది బందీల పైన పడుకున్న నక్క ముద్ర, మూడు వేల ఏళ్ళకు పైగా చెదరకుండా కార్టర్‌కు కనిపించాయి. మీ ముద్రకు చిలగడదుంప ముక్క చాలు, బొమ్మ తిరగేసి చెక్కాలి. ప్రదర్శనలో రోజుకు ఒకసారి పిల్లవాడొకడు ఆ ముద్రను పగలగొట్టి తలుపు తీసేలా ఏర్పాటు చేస్తే, పిరమిడ్ల బల్లల దగ్గర ఉన్నవారంతా ఇటు నడిచి వస్తారు. ఇది నా అనుభవం.

లోపల విగ్రహం పెట్టాలా వద్దా అన్నది మా బడిలో కూడా వాదమైంది. చిన్న మందసంలో విగ్రహం దొరకలేదు, పాదాల గుర్తులున్న పీఠం మాత్రం మిగిలింది. దాని మీది బొమ్మను ఎప్పుడో దొంగలు ఎత్తుకుపోయారు. నేను పీఠమే పెట్టించాను, దాని మీద రెండు చిన్న పాదముద్రలు చెక్కించాను. విగ్రహం కావాలనుకునేవారు ఒక జానకు మించనిది, నిలబడినదో కూర్చున్నదో చేసుకోవచ్చు గానీ తల తలుపు ఖాళీలో పూర్తిగా కనబడేలా పీఠం ఎత్తు సరిచూసుకోవాలి.

అడుగున బండికి రెండు పొడవాటి పట్టాలు, ముందు కొసలు పైకి వంచినవి, మధ్యలో మూడు అడ్డ చెక్కలు సరిపోతాయి. చక్రాలు పెట్టవద్దు, అది ఇసుక మీద లాగే బండి.

మందసాన్ని బల్ల మీద నేరుగా పెట్టకుండా మూడు వైపులా నల్ల గుడ్డ కట్టిన అట్ట పెట్టెలో, ముందున్న నేల కంటే రెండు వేళ్ళ ఎత్తున నిలపండి. పైన బల్బు వద్దు. పెట్టె పైకప్పులో ముందు వైపు అంగుళం వెడల్పు చీలిక ఒకటి కోస్తే చాలు. ప్రదర్శన ముగిసిన తర్వాత చీలలను బిగించిన క్రమానికి తలకిందుల వరుసలో తీసి, అంకెల ప్రకారం పలకలను పాత ధోవతి ముక్కల్లో చుట్టి, వానాకాలం పోయేదాకా అటక మీద కాక గాలి ఆడే గోడ పక్కన నిలువుగా ఉంచండి. చింతగింజల పూతకు చెమ్మ తగిలితే మొదట చూరు వంపులోనే బూజు పడుతుంది.